అబలా సచ్చరిత్ర రత్నమాల: శ్రీమతి భండారు అచ్చమాంబగారి జీవితము, కృషి

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు మనవారిలో నొక మహనీయునిగూర్చి ప్రసంగింపుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. వారి యాదరణమునకు కృతజ్ఞులము. ఏటేట నీ వేదికపై దివానులను గూర్చియు, న్యాయవాదులను గూర్చియు, పండితులను, దాతలను గూర్చియు వినుచునే యున్నాము. వారందఱును స్మరణీయులే. అయినను ఈ యేడు మేమొక మహిళను ప్రసంగవిషయముగ గైకొంటిమి. ఆమె రాజ్య మేలినది కాదు; పదవి వహించినది కాదు; ధనరాసులు దానము చేసినదియు కాదు. ముప్పది సంవత్సరములు మాత్రమే జీవించి, మఱుగుపడుచున్న స్త్రీల చరిత్రములను వెదకి, వానిని తెలుగున గ్రంథముగ గూర్చి, ఆ పని సగములో నుండగనే గతించినది. ఆమెయే శ్రీమతి భండారు అచ్చమాంబగారు.

కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారి నామ మెఱుగని విద్యావంతులు మనలో తక్కువ. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకు తోడ్పడినవారు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులు. ఆంధ్రవిజ్ఞాన సర్వస్వమును తలపెట్టి, ఆ కృషి నడుచుచుండగనే 1923లో స్వర్గస్థులైనవారు. మేము ముప్పదియేండ్లకు పైబడి బాలబాలికలకు తెలుగును, సంస్కృతమును బోధించితిమి. లక్ష్మణరావుగా రెవరని యడిగినప్పుడు తరగతిలో నాలుగైదు చేతులైనను లేచెడివి. వారి యక్కగా రెవరని యడిగినప్పుడు మాత్రము తరగతి నిశ్శబ్దమయ్యెడిది. పిల్లల తప్పిదము కాదిది. తమ్ముడు కొమఱ్ఱాజువా రింట నిలిచెను. అక్క భండారువారి కోడలయ్యెను. ఇంటిపేరు మాఱినంతనే ఒక తల్లి కడుపున బుట్టిన యిరువురు చదువరుల కన్నులకు పరాయివారైరి. స్త్రీల చరిత్రము మఱుగుపడు త్రోవలలో నిది మొదటిది. ఆ త్రోవను గుర్తించి దాని కడ్డుకట్ట వేయబూనిన స్త్రీయే తానును అదే త్రోవను బడిపోవుట మిక్కిలి విచారకరము.

అచ్చమాంబగారు 1874లో నాటి కృష్ణామండలమున, నందిగామ ప్రాంతమునందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. మునేటి యొడ్డున తిరుపతమ్మవారి తిరునాళ్లకు ప్రసిద్ధికెక్కిన యూరది. తండ్రి కొమఱ్ఱాజు వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. బాల్యముననే తండ్రి పరలోకగతు డయ్యెను. పదియేండ్ల ప్రాయమున మేనమామయగు భండారు మాధవరావుగారితో వివాహము జరిగెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరుద్యోగము చేయుచుండిరి. అందుచే బాలికగ నున్నప్పుడే ఆమె తెలుగునేలను విడిచి నాగపురము మున్నగు తావులకు బోవలసి వచ్చెను. మనలో చాలకుటుంబములలో మన ముత్తవ్వల కథ యింతవఱకు నిట్లే యుండును. ఇచ్చట నుండియే అచ్చమాంబగారి కథ వేఱగుచున్నది.

ఆమె బడికి బోయి చదివినది లేదు. తమ్ముడు లక్ష్మణరావు చదువుకొఱకు అక్కయింటికి నాగపురము చేరెను. ఆ పిల్లవాని పాఠములే ఆమెకు పాఠశాల యయ్యెను. ఇంటిపని నడుమ తెలుగు నేర్చెను. మరాఠీ, హిందీ నేర్చెను. ఇంగ్లీషునందును, సంస్కృతమునందును కొంత ప్రవేశము సంపాదించెను. ఇతరభాషలనుగూడ తెలిసికొన యత్నించెను. 1901 నాటి జనాభాలెక్కలను బట్టి మన దేశమున స్త్రీలలో వేయింటికి పదిమందియైనను అక్షరజ్ఞానము గలవారు లేరు. అట్టికాలమున నొక గృహిణి యిన్ని భాషలను తన యుత్సాహముచేతనే సంపాదించె నన్నచో, అది యెంతటి తపస్సో యూహింపుడు. భర్త యుద్యోగము ఆమెను తెలుగునాటికి దూరము చేసెను. ఆ దూరమే ఆమెకు గ్రంథసామగ్రిని సమకూర్చెను. మహారాష్ట్రభాషలో చరిత్రరచన యప్పటికే బలపడియుండెను. తెలుగున నుండి చూచిన గనబడని స్త్రీలు ఆమెకు మరాఠీ, హిందీ గవాక్షములనుండి కనబడిరి.

ఇక నామె సంసారమును గూర్చి ఒకమాట చెప్పవలెను. కలిగిన కుమారుడును, కుమార్తెయు బాల్యముననే గతించిరి. గర్భశోకమునకు మించిన శోకము లేదని పెద్దలందురు. అట్టి శోకముచే మూలబడిన తల్లుల నెందఱినో మనము చూచియున్నాము. అచ్చమాంబగారు మాత్రము అనాథశిశువులను కొందఱిని ఇంట నుంచుకొని, పెంచి, చదువు చెప్పించుచుండిరి. కోల్పోయిన బిడ్డల చోట నితరుల బిడ్డలను బెంచిన యా హృదయమే, తనకు పుట్టుకచే నే సంబంధమును లేని స్త్రీల చరిత్రములనుగూడ చేరదీసి పోషించినదని మాకు తోచును.

ఇప్పుడు గ్రంథమునకు వత్తము. "అబలా సచ్చరిత్ర రత్నమాల" కందుకూరి వీరేశలింగముపంతులుగారి చింతామణి ద్వారమున 1901లో వెలువడెను. మొదటి భాగమున ఇంచుమించు వేయిసంవత్సరముల కాలములో మన దేశమున వెలసిన 34 మంది స్త్రీల చరిత్రములు గలవు. రెండవభాగమున వేదపురాణకాలములనాటి స్త్రీలను గూర్చియు, మూడవభాగమున పరదేశముల స్త్రీలను గూర్చియు వ్రాయవలెనని ఆమె సంకల్పించెను. రెండవది సాగుచుండగనే ఆయువు దీఱెను. మూడవది సంకల్పముగనే నిలిచెను.

సంస్కృతము చదివినవారము గనుక ఆ గ్రంథనామమునుగూర్చి కొంచెము చెప్పుటకు సెలవిండు. అమరసింహుడు మనుష్యవర్గమున స్త్రీకి పర్యాయపదములను జెప్పుచు "అబలా" శబ్దము నందు జేర్చినాడు. అనగా బలము లేకుండుట స్త్రీకి గుణ మని కాక, పేరే యని నిఘంటువు నిర్ణయించినట్లయ్యెను. పసితనమున అమరము వల్లించిన ప్రతిబాలుడును ఆ మాటను అర్థవిచారము లేకయే కంఠస్థము చేసెను. కోశము కల్పించిన పేరును లోకము సిద్ధాంతముగ గ్రహించెను. అచ్చమాంబగారు ఆ శబ్దమును త్రోసివేయలేదు. దానినే గ్రంథమున కెదుటబెట్టి, దాని వెనుక సైన్యములను నడపినవారిని, కావ్యములు రచించినవారిని, గణితజ్యోతిషములలో ఆఱితేఱినవారిని, రాజ్యములు రక్షించినవారిని వరుసగ నిలిపిరి. చదువరి కడపటిపుటను మూసి మరల ముఖపత్రమును జూచినచో, "అబల" యను నక్షరములు ఆ గ్రంథముపైన నిలువలేక తలవంచినట్లుండును. శబ్దమును ఖండించుటకు దానికి దృష్టాంతము దొరకకుండ జేయుటకంటె మేలైన తర్కము మాకు తెలియదు.

పీఠికలో ఆమె తన యుద్దేశములను స్పష్టముగ జెప్పినది. వాని సారమును మా మాటలలో విన్నవింతుము. స్త్రీలు బలహీనులు, బుద్ధిహీను లనువారికి ఆ మాట యసత్యమని చరిత్రముచేత జూపుట యొకటి. విద్యయు, స్వాతంత్ర్యమును ఇచ్చినచో స్త్రీలు చెడిపోవుదు రనువారికి, అవి గల్గిన స్త్రీలు దేశమునకు మేలే చేసిరని నిరూపించుట రెండవది. చదువుకొను స్త్రీలకు అనుసరింపదగిన నడవడిని కథలద్వారా అందించుట మూడవది. ఇందులో మొదటి రెండును పురుషులతోడి వాదము; మూడవది తోడి స్త్రీలతోడి సంభాషణము. ఒకే గ్రంథము న్యాయసభయందు సాక్ష్యముగను, వంటయింటియందు నేస్తముగను ఉండునట్లు వ్రాయుట యెంత కష్టమో గ్రంథకర్త లెఱుగుదురు.

ఆ రత్నములలో నొక్కదానిని మాత్రము మీ చేతికిచ్చి చూపుదుము. అది ఖన కథ. వంగదేశమున బ్రచారములో నున్న జనశ్రుతి ప్రకారము ఖన యను విదుషి జ్యోతిశ్శాస్త్రమున నిధి. ఆమె మగడు మిహిరుడు, మామగారు వరాహుడు, ఇరువురును జ్యోతిషులే. మామగారికి సాధ్యముగాని లెక్కలను కోడలు క్షణములో దేల్చుచుండెను. ఆ సంగతి రాజునకు తెలిసి యామెను సభకు బిలిపింపబూనెను. ఇంటిగౌరవమునకు భంగము గలుగునని కోడలి నాలుకను గోయించి రని కథ. ఆ నాలుక యేమయ్యెను? వానలు, పైరులు, నాట్లు, కోతలనుగూర్చి ఖన పలికినవని చెప్పబడు సామెతలు వంగదేశపు రైతుల నోట నేటికిని వినబడుచున్నవి. గోసిన నాలుక యొకటి. దానికి బదులుగ వేలకొలది నాలుకలు లేచినవి.

ఈ కథ చరిత్రమా, కల్పనమా యని పండితులు తర్కించుకొందురుగాక. 1901లో ఒక తెలుగు గృహిణి దానిని మన భాషలో వ్రాసినప్పుడు, చదువుకొన్న కోడండ్రు గల ప్రతి యింటిని ఆ కథ ప్రశ్నించినది. కోడలి తెలివిని ఇంటికి వన్నెయని తలతుమా, భంగమని తలతుమా? అది తలుపునకు లోపల నున్నంతవఱకు వన్నెయై, గడప దాటగనే భంగమగునా? నూటయిరువది సంవత్సరములకు పైగ గడచినను ఆ ప్రశ్నకు మనలో బ్రతిగృహమునను ఒకే యుత్తరము వచ్చునని చెప్పజాలము. 1991లో సూసీ తారు, కె. లలితగార్లు భారతీయ స్త్రీల రచనలను ఇంగ్లీషున సంకలనము చేసినప్పుడు అచ్చమాంబగారి గ్రంథమునుండి ఖన కథనే తీసికొనిరి. రత్నపరీక్షకులు వేఱైనను రత్నమొక్కటే గదా.

మఱియొకటి మొల్ల చరిత్రము. మొల్లను గూర్చి మనకు నమ్మకముగ దెలిసినది మిక్కిలి స్వల్పము. ఆమె తన రామాయణమున స్వయముగ జెప్పుకొన్న నాలుగు మాటలే ముఖ్యాధారములు, తక్కినదంతయు జనశ్రుతి. ఆమె కుమ్మరి కుటుంబమున బుట్టినదని లోకప్రసిద్ధి. అచ్చమాంబగారు ఆమెను ఝాన్సీలక్ష్మీబాయి, మీరాబాయి మున్నగు రాజకుటుంబపు స్త్రీలున్న మాలలోనే గ్రుచ్చిరి. ఏ దేశమున బుట్టినది, ఏ కులమున బుట్టినది యని యడుగక, ఏమి చేసినది యని మాత్రమే యడిగిరి. అచ్చమాంబగారు మన దని చెప్పుకొనుటకు ఈ సంఘమునకు హక్కు గలదు. అయితే ఆమె తన మాలకు కులమును సూత్రముగ జేయలేదని యా చెప్పుకొనునప్పుడే జ్ఞప్తియందుంచుకొనవలెను. ఆమె పేరిట గర్వించువారు ఆమె మనసునుగూడ వారసత్వముగ గొనవలెను గదా.

ఆమె కలము చరిత్రములతో ఆగలేదు. కథలును వ్రాసెను. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు స్త్రీలకొఱకు నెలకొల్పిన హిందూసుందరీ పత్రికలో ఆ యేడే "ధనత్రయోదశి" వెలువడెను. పేదయింటి భర్త పండుగఖర్చునకై యజమాని సొమ్మున కాశపడగా భార్య యాతనిని మరలించుట యందలి విషయము. గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" 1910లో వెలువడినది. ఆ కారణమున తెలుగున తొలి కథకురాలు అచ్చమాంబగారే యని వాదించువారు నేడు గలరు. మొదటి తాంబూల మెవరి కన్న తగవు మాకు ముఖ్యము కాదు. మాకు తోచిన విశేష మొకటి గలదు. రాణులకు, కవయిత్రులకు ఆధారములు దొరకును గనుక వారికి చరిత్రము వ్రాసెను. పేదయింటి యిల్లాలికి శాసనములు లేవు, బఖైరులు లేవు. ఆమెకొఱకు కథ వ్రాసెను. ఆధారమున్నచోట చరిత్రమును, లేనిచోట కథను నిలిపి, ఎవరిని విడిచిపెట్టకుండ చేయదలచినట్లున్నది.

వ్రాతతో తృప్తిపడినది కాదు. 1902లో బందరున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గలిసి బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. మఱుసటియేడు తెలుగునాట పలుతావులు దిరిగి, స్త్రీలను గూడబెట్టి, సమాజముల నేర్పఱచుకొనుడని బోధించెను. నాటి ప్రయాణములను తలచికొనుడు. పరాయియూళ్లలో, మునుపు సభయనునది యెఱుగని స్త్రీల నడుమ నిలిచి మాటాడుట సామాన్యసాహసము కాదు. పురుషులు చేయు స్త్రీజనోద్ధరణోపన్యాసములు అప్పటికే కొన్ని జరుగుచుండెను. స్త్రీలే తమకొఱకు సమావేశమగుట వేఱుమాట. రత్నమాలలో పొగడిన గుణములను పుస్తకములో విడిచిపెట్టక, తన కాలమున బ్రతికియున్న స్త్రీలలో మేల్కొల్పబూనెను.

1905 జనవరిలో ఆమె కన్నుమూసెను. ప్లేగు వ్యాధి మధ్యపరగణాలలో బ్రబలియుండగా రోగులకు పరిచర్య చేయుచు తానును ఆ వ్యాధికే బలియయ్యెనని చెప్పుదురు. ప్లేగున్న యింటి గడపను కన్నబిడ్డలే త్రొక్కని దినములవి. ఎందఱో త్యాగశీలల చరిత్రములను వ్రాసిన చేయి, తన చరిత్రమునకు గడపటి ప్రకరణమును ఆ విధముగ వ్రాసికొనినది. దానిని కాగితముపై బెట్టవలసిన భారము బ్రతికియున్నవారిపై బడినది.

ఆమె గ్రంథమున లోపములు లేవని మేమనము. గుణదోషవిచారము లేని ప్రశంస స్తోత్రపాఠ మగును. ఆమెవంటి విదుషికి స్తోత్రము గౌరవము కాదు. మొదటి భాగమున నెక్కువపాలు రాణులు, వీరపత్నులు, భక్తురాండ్రు. నీరు మోసి, పిండి విసరి, పదిమంది పిల్లలను బెంచిన సామాన్యస్త్రీకి అందు చోటు మిక్కిలి తక్కువ. నేటి చరిత్రకారులు సందేహించు జనశ్రుతులను ఆమె కొన్నిచోట్ల కథగనే స్వీకరించినది. గృహధర్మమును స్త్రీకి ముఖ్యధర్మమని యంగీకరించియే స్వాతంత్ర్యమును గోరినది. నేటి బాలికలకు ఆ మాట చాలకపోవచ్చును. కాని త్రోవ లేని యడవిలో మొదట నడిచినవాని యడుగులు వంకరగ నున్నవని, వెనుక రాతిబాట వేసినవాడు నవ్వరాదు. ఆమెకు ముందు స్త్రీచరిత్రములను ఇంత విరివిగ నొకచోట గూర్చి తెలుగున వెలువరించిన స్త్రీ మఱియొకతె మాకు కనబడదు.

వ్రాయనిచో నేమి పోవునో తెలియుటకు సంస్కృతవాఙ్మయమునుండి యొక దృష్టాంతము చెప్పుదుము. బాణుడు హర్షుని చరిత్రమును, బిల్హణుడు విక్రమాంకుని చరిత్రమును రచించిరి. విజయనగరపు కంపరాయల భార్య గంగాదేవి పదునాలుగవ శతాబ్దమున తన భర్త మధురను జయించిన కథను "మధురావిజయ"మను కావ్యముగ రచించినది. ఆ కావ్యపు వ్రాతప్రతి 1916లో తిరువనంతపురమున బయటపడువఱకు ఆమె కవిత పండితలోకమునకు దూరముగనే యుండెను. అచ్చమాంబగారి కాలమున నది లభించియుండినచో గంగాదేవియు రత్నమాలలో జేరియుండు నేమో. భర్త చరిత్రము నామె వ్రాసెను. ఆమె చరిత్రము నెవరు వ్రాసిరి? తల్లిదండ్రు లెవరు, ఎప్పుడు కన్నుమూసెను అనువానికి సమాధానము లేదు. రాజకుమారుని దేవికే యీ గతి పట్టినప్పుడు మన యిండ్లలోని తల్లుల మాట చెప్పనేల?

సోదరులారా! ఇప్పుడు మన సంచికలవైపు దృష్టి సారింతము. ఏటేట మనము ప్రకటించు వంశవృక్షములను జూడుడు. తాతముత్తాతల పేరులు పదితరములవఱకు కొమ్మలు రెమ్మలుగ దీరియుండును. ఆ వృక్షమున ఆడుదాని పేరు వెదకుడు. కొమ్మ యున్నది, కాయ యున్నది, పూవు లేదు! పూవు లేక కాయ యెట్లు గలిగెనో ఆ వృక్షమును గీచినవారే చెప్పవలెను. దాతల జీవితసంగ్రహములలో "వీరికి ధర్మపత్నియు, ఇరువురు పుత్రులును, ముగ్గురు పుత్రికలును గలరు" అని యుండును. పుత్రుల పేరులుండును, ఉద్యోగములుండును. పుత్రికలకు సంఖ్య మాత్రమే.

శాస్త్రమైన నింత కఠినము కాదు. శ్రాద్ధమున పితృపితామహప్రపితామహులతోబాటు మాతను, పితామహిని, ప్రపితామహినిగూడ పేరు పేరున స్మరింపుమని విధి. బ్రహ్మగారు నిలిపి "నాయనమ్మగారి పేరేమి, ఆమె యత్తగారి పేరేమి?" యని యడుగగా లోపలికి బోయి పెద్దవారిని అడిగివచ్చు కర్తలను మనమందఱము ఎఱుగుదుము. ఏటి కొకమారు పేరు నాలుకపైకి వచ్చుచున్నది. ఆ పేరుగల మనిషి యేమి చదివినది, ఏమి పాడినది, ఏ మందు వేసి యూరిబిడ్డలను బ్రతికించినది, ఏ కఱవున ఎవరికి గంజి పోసినది, ఏది కోరి పొందలేకపోయినది యను సంగతి యెవరికిని దెలియదు. పిండమునకు పేరు చాలును. మనుమరాలికి పేరు చాలదు, కథ కావలెను.

కావున నీ మహాసభవారికి మేము మూడు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది: రాబోవు మహాసభలోపల ప్రతికుటుంబమువారును తమ యింటి స్త్రీలలో నొకరి చరిత్రము నైనను వ్రాయవలెను. గొప్పకావ్యము కానక్కఱలేదు, నాలుగుపుటలు చాలును. పెండ్లికి ముందటి యింటిపేరు, పుట్టినయూరు, తల్లిదండ్రుల పేరులు మొదట వ్రాయుడు. ఏ విద్య యెవరివలన నేర్చెనో వ్రాయుడు. పాట, వైద్యము, వ్యవసాయము, జమాఖర్చు, వంట, కుట్టుపని యేదైనను విద్యయే. ఇంట మూలబడియున్న యుత్తరములు, శుభలేఖలు, దస్తావేజులు, లెక్కల పుస్తకములు చూడుడు. ఎనుబదియేండ్లు దాటిన పెద్దమ్మలు, పిన్నమ్మలు, మేనత్తలు ఇంట నుండినచో నేడే వారియొద్ద గూర్చుండి యడుగుడు. "మాకేమి కథ నాయనా, వండితిమి, పెట్టితిమి" అని వారు మొదట ననక మానరు. రెండవమా రడుగుడు. మూడవమారు వారే మొదలు పెట్టుదురు.

వ్రాయునప్పుడు అచ్చమాంబగారి పద్ధతిని మనసున నుంచుకొనుడు. చేసిన పనిని మొదట జెప్పుడు, విశేషణములు తరువాత. "అన్నపూర్ణ, సహనమూర్తి" యని రెండుముక్కలతో ముగించుట సులభము; అట్లు వ్రాసినచో మన తల్లులందఱును ఒకే పోతపోసిన విగ్రహములవలె నుందురు. కోపము వచ్చినదైన కోపము వచ్చినదనుడు. చదువుకొనుటకు గోరి యెదిరింపబడినచో ఎదిరింపబడినదనుడు. గుణమును పెంచి చెప్పకుడు, బాధను దాచకుడు.

రెండవది: వంశవృక్షములను ప్రకటించునప్పుడు ఆడుబిడ్డల పేరులను, కోడండ్ర పేరులను తప్పక చేర్చవలెనని సంఘము తీర్మానింపవలెను. ఇందుకు ధన మక్కఱలేదు, మనసు చాలును.

మూడవది పోషకమహాశయులకు విన్నపము. మీ ఛాయాచిత్రములు మా సంచికకు అలంకారములు. వాని ప్రక్కన మీ తల్లిగారి చరిత్ర మొక పుటయైనను ఉండినచో ఆ యలంకారము రెట్టింపగును. బాలికలు వ్రాసిన మేలైన స్త్రీచరిత్రమునకు ఏటేట అచ్చమాంబగారి పేరిట నొక బహుమాన మిచ్చుట కెవరైనను ముందుకు వచ్చినచో, ఆమె సంకల్పించి నెఱవేర్పలేకపోయిన భాగములను మన పిల్లలు వ్రాయుచున్నట్లే మేము భావింతుము. మా యుపకారవేతనమునుండి మా శక్తికొలది మొదటి విరాళమును కోశాధిపతిగారికి ఈ సభయందే సమర్పించుచున్నాము.

కొందఱు పెద్దలు "మన తల్లుల సంగతులు గడపలోపలివి, వీధిలో బెట్టనేల?" యని శంకింపవచ్చును. ఆ శంకకు ఖన కథయే యుత్తరము. గడపలోపల దాచినచో గౌరవము నిలుచునని తలచిన మామగారి పేరు నేడు ఎవరి నోట గౌరవముతో వినబడుచున్నది? కోడలి మాటలు మాత్రము పొలము గట్లపై నిలిచియున్నవి. తల్లి చరిత్రము బయటబడినందున వంశమునకు తలవంపు కలుగదు. ఆ చరిత్రము మనకు తెలియదని యొప్పుకొనవలసివచ్చుటయే తలవంపు.

తెలుగునేలకు దూరముగ, పిల్లలను గోల్పోయి, బడి మెట్టెక్కక చదువు నేర్చి, ఇంటిపని నడుమ ముప్పదినలుగురు స్త్రీలకు అక్షరరూపమిచ్చినది ఒక్క గృహిణి. మనము వందలకొలది కుటుంబములవారము. చదువున్నవారము, సౌకర్యములున్నవారము, తీరికయున్నవారము. ఒక్కొక్కరము ఒక్కొక్క స్త్రీకి అక్షరరూప మీయజాలమా?

రాబోవు సంవత్సరపు సంచికలో ఆ చరిత్రములను చదువు భాగ్యము మాకు గలుగునుగాక.  సంఘమునకు అభ్యుదయమగుగాక.

స్వస్తి.